కొరియన్ ఫ్యూజన్ ఫుడ్ ట్రక్కు దగ్గర లంచ్: తరచుగా అడిగే ప్రశ్నలు

లాస్ ఏంజెలెస్‌లో విల్షైర్ బులవార్డ్ మీద, ఆర్ట్ మ్యూజియానికి దగ్గర్లో పనిచేస్తాను. మధ్యాహ్నమయ్యేసరికి ఆ రోడ్డు పక్కన ఫుడ్ ట్రక్కులు వరసగా వచ్చి ఆగుతాయి. ఆఫీసులో కొత్తగా చేరిన మనవాళ్లు, చదువుకోడానికి వచ్చిన పిల్లలు, మనవల్ని చూసుకోడానికి ఆర్నెల్లకని వచ్చిన అమ్మానాన్నలు, అందరి అనుమానాలూ అవే. వాట్సాప్‌లో ఒకే జవాబు పదిసార్లు టైప్ చేసి విసుగొచ్చి అన్నీ ఒక్కచోట పెట్టాను. మొదటి నుంచి చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని అక్కడికి వెళ్లిపోండి.

## వెళ్లకముందు

కొరియన్ ఫ్యూజన్ ట్రక్ అంటే అసలు ఏం దొరుకుతుంది?

కొరియావాళ్ల మాంసం, కిమ్చి (కారం పట్టించి పులియబెట్టిన క్యాబేజీ), సాసులు తీసుకుని మెక్సికోవాళ్ల టాకో (మడిచిన చిన్న రొట్టె), బరీటో (పెద్ద రొట్టె చుట్ట), కేసడియా (చీజ్ పెట్టి కాల్చిన రొట్టె)లో పెట్టి ఇస్తారు. సోయా సాస్, పంచదార, వెల్లుల్లి, నువ్వుల నూనెలో నానబెట్టిన మాంసాన్ని వేడి పెనం మీద వేయించి, మొక్కజొన్న టోర్టిల్లాలో, అంటే పల్చటి రొట్టెలో వేసి, పైన కారం పట్టించిన క్యాబేజీ తురుము, ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం. ముఖ్యమైన వంటకం అదే. దాంతోపాటు కిమ్చి ఫ్రైస్, అన్నం గిన్నెలు, కొన్నిచోట్ల కొరియన్ పద్ధతిలో వేయించిన చికెన్ ఉంటాయి.

దీన్ని ఎవరు మొదలుపెట్టారు?

పేరు తెచ్చింది మాత్రం కోగి అనే ట్రక్కు. 2008 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. కొరియన్ మాంసాన్ని టాకోలో పెడదామన్న ఆలోచన మార్క్ మాంగెరాది, వండింది రాయ్ చోయ్. చోయ్ సియోల్‌లో పుట్టి లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో పెరిగాడు, పెద్ద హోటళ్ల వంటశాలల్లో పనిచేసి వచ్చాడు. అప్పుడు అమెరికాలో మాంద్యం, జనం చేతిలో డబ్బు లేదు. రెండు డాలర్లకు టాకో అమ్మారు. ఈ రాత్రి ట్రక్కు ఎక్కడ ఆగుతుందో ట్విట్టర్‌లో చెప్పేవారు. అది చూసి జనం కార్లేసుకుని వచ్చి గంటలకొద్దీ నిలబడేవారు. 2010లో ఫుడ్ అండ్ వైన్ పత్రిక ఆ ఏటి ఉత్తమ కొత్త షెఫ్‌ల జాబితాలో చోయ్ పేరు చేర్చింది. ట్రక్కులో వండే మనిషికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు.

అయితే ట్రక్కు మీద టాకోలు అమ్మడం కోగి కనిపెట్టింది కాదు. తూర్పు లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ కుటుంబాలు దశాబ్దాలుగా చేస్తున్న పనే. వాటిని లొంచేరా అంటారు. ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

ఇది నిజమైన కొరియన్ తిండేనా? అమెరికావాళ్ల కోసం మార్చేసిందా?

మన ఊళ్లో చైనీస్ బండి దగ్గర గోబీ మంచూరియా తింటారు కదా, అది చైనాలో దొరుకుతుందా? దొరకదు. అంతమాత్రాన నకిలీ అయిపోదు, మన ఊరి వంట అయింది. ఇదీ అంతే, లాస్ ఏంజెలెస్ వంట. ఈ ఊళ్లో కొరియా టౌన్‌లో కొరియన్లూ లాటినోలూ ఒకే వీధుల్లో ఉంటారు. కొరియన్ రెస్టారెంట్ల వంటింట్లో గిన్నెలు తోమేది, మాంసం కోసేది, చాలాచోట్ల వండేది కూడా మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చినవాళ్లు. ఈ రెండు వంటలూ ట్రక్కుకంటే ముందే, వంటింటి వెనక భోజనం వేళ కలిసే ఉంటాయని నా నమ్మకం.

పైగా కొరియన్లు ఇంట్లో కూడా వేడి మాంసం ముక్కని పచ్చి ఆకులో పెట్టి, కాస్త కారం పూసి, మడిచి ఒకేసారి నోట్లో పెట్టుకుంటారు. దాన్ని స్సామ్ అంటారు. ఆకు బదులు టోర్టిల్లా పెడితే టాకో అయిపోయింది. అంత దూరపు చుట్టరికమేమీ కాదు.

రోడ్డు పక్క బండి కదా, శుభ్రంగా ఉంటుందా?

కిటికీ పక్కన అక్షరం చూడండి. లాస్ ఏంజెలెస్ కౌంటీలో రెస్టారెంట్లకు ఇచ్చినట్టే ట్రక్కులకూ ఆరోగ్య శాఖ గ్రేడ్ కార్డు ఇస్తుంది. 90 నుంచి 100 మార్కులొస్తే ఏ, 80ల్లో వస్తే బి, 70ల్లో వస్తే సి. అది జనానికి కనబడేలా అంటించాలి. వేరే కౌంటీల్లో పద్ధతి వేరుగా ఉంటుంది, అక్షరం లేనంత మాత్రాన కంగారు పడొద్దు.

ఇవి రాత్రిళ్లు ఎక్కడపడితే అక్కడ ఆగవు. కమిసరీ అనే అనుమతి ఉన్న చోటికి రోజూ తిరిగి వెళ్లాలి. కడగడం, మురికి నీళ్లు పారబోయడం, మంచినీళ్లు నింపుకోవడం అన్నీ అక్కడే. కాలిఫోర్నియా చట్టం ప్రకారం వేడి పదార్థాలు 135 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 57 సెల్సియస్‌కి తగ్గకూడదు. చల్లనివి 41, అంటే 5 సెల్సియస్‌కి మించకూడదు. నా లెక్క ఇంకా మోటుది: లైను పొడుగ్గా ఉంటే సరుకు నిలవ ఉండదు.

ఒక మనిషికి ఎంత అవుతుంది?

రెండు మూడు టాకోలు, ఒక డ్రింక్, టాక్స్, టిప్ కలిపి పదిహేను నుంచి ఇరవై డాలర్లు అనుకుని వెళ్లండి. బోర్డు మీద రాసిన ధరకు చాలాచోట్ల టాక్స్ కలిపి ఉండదు. నీళ్ల సీసా ఇంటి నుంచి తెచ్చుకుంటే రెండు డాలర్లు మిగులుతాయి. డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకునే జబ్బు మొదటి ఏడాది అందరికీ ఉంటుంది. లైన్లో నిలబడి మాత్రం ఆ లెక్క వేయకండి, ఆకలి చచ్చిపోతుంది.

## ట్రక్కు వెతుక్కుంటూ

ఆన్‌లైన్‌లో చూపించిన చోటికి వెళ్తే ట్రక్కే లేదు. ఎందుకిలా?

మ్యాప్‌లో కనిపించే అడ్రస్ చాలాసార్లు పాతదో, ఆఫీసుదో, కమిసరీదో అయి ఉంటుంది. వారం మొదట్లో పెట్టిన షెడ్యూల్‌ని కూడా పూర్తిగా నమ్మొద్దు. ట్రక్కు చెడిపోవచ్చు, పార్కింగ్ దొరక్కపోవచ్చు, పెద్ద కేటరింగ్ ఆర్డర్ వచ్చి అటు వెళ్లిపోవచ్చు. బయల్దేరే ముందు ట్రక్కువాళ్ల సోషల్ మీడియాలో ఆ రోజు, వీలైతే ఆ గంటలో పెట్టిన పోస్ట్ చూసుకోండి. ఒకసారి మా టీమ్ ఆరుగురిని ఎండలో రెండు బ్లాకులు నడిపించి ఖాళీ పార్కింగ్ స్థలం చూపించాను. ఆ సంగతి ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

ఏ టైమ్‌కి వెళ్తే లైన్ తక్కువ ఉంటుంది?

పదకొండున్నరకి వెళ్లండి, లేదా ఒకటిన్నర దాటాక. పన్నెండుంపావు నుంచి ఒంటిగంట దాకా చుట్టుపక్కల ఆఫీసులన్నీ ఒక్కసారే ఖాళీ అవుతాయి. ఆలస్యంగా వెళ్లడంలో ఒక చిక్కుంది, బాగా అమ్ముడయ్యేవి అయిపోతాయి. ట్రక్కులో ఫ్రిజ్ చిన్నది. అయిపోయిందంటే అయిపోయినట్టే, వెనక గోడౌన్ ఏమీ ఉండదు.

నేను లాస్ ఏంజెలెస్‌లో లేను. మా ఊళ్లో దొరుకుతుందా?

ఆస్టిన్‌లో చీలాంట్రో 2010లో ట్రక్కుగా మొదలై ఇప్పుడు రెస్టారెంట్లుగా నడుస్తోంది, అక్కడ కిమ్చి ఫ్రైస్ ఫేమస్. సియాటిల్‌లో మారినేషన్ ఉంది, దాంట్లో హవాయి రుచి కూడా కలుస్తుంది. సెయింట్ లూయిస్‌లో సియోల్ టాకో 2011లో ట్రక్కుతోనే మొదలైంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్, న్యూజెర్సీ వైపు కూడా కొరియన్ జనాభా బాగానే ఉంది కాబట్టి వెతికితే ఏదో ఒకటి తగులుతుంది.

## కిటికీ దగ్గర

మెనూలో ఒక్క పేరూ అర్థం కాలేదు. దేనికి ఏం అర్థం?

"గోగి" అంటే మాంసం. "బుల్" అంటే నిప్పు. కాబట్టి బుల్గోగి అంటే నిప్పు మీద మాంసం, పల్చగా కోసిన బీఫ్. గల్బి అంటే పక్కటెముక. దాన్నే ఇంగ్లీషులో షార్ట్ రిబ్ అని రాస్తారు. "సో" ఎద్దు లేదా ఆవు, "ద్వేజి" పంది, "దాక్" కోడి, "సేఉ" రొయ్య, "దుబు" టోఫు, అంటే సోయా పాలతో చేసే పనీర్ లాంటిది. గోచుజాంగ్ అంటే మిరపపొడి, బంకబియ్యం, పులియబెట్టిన సోయా కలిపి ఊరబెట్టిన ఎర్రటి ముద్ద. కాస్త తీపి, కాస్త పులుపు, వెనకాల కారం. టియోక్‌బోక్కి అంటే బియ్యప్పిండితో చేసిన మెత్తటి కడ్డీలు ఆ ఎర్ర సాసులో ఉడికించినవి. జాప్చే నూడుల్స్ చిలగడదుంప పిండితో చేస్తారు. మాండు అంటే మోమో లాంటిదే.

ఈ నాలుగు మాటలు వస్తే మెనూ సగం చదివినట్టే. మిగతా సగం స్పానిష్, అది ఈ దేశంలో ఉంటే ఎలాగూ వచ్చేస్తుంది.

మొదటిసారి. ఏం ఆర్డర్ చేస్తే బాగుంటుంది?

మాంసం తినేవాళ్లయితే రెండు వేర్వేరు టాకోలు తీసుకోండి, ఒకటి స్పైసీ చికెన్ లేదా పోర్క్, ఇంకొకటి ఏ మాంసం తింటారో అది. మొదటిసారే బరీటో వద్దు. కిలో బరువుండే చంటిపిల్లాడిలా చేతిలో పెడతారు, సగం తినేసరికి అన్ని రుచులూ ఒకటే అయిపోతాయి, మధ్యాహ్నం మీటింగ్‌లో నిద్ర ఆగదు. టాకోలో మాత్రం మాంసం, తురుము, నిమ్మ దేనికదే తెలుస్తుంది.

ఆకలి గట్టిగా ఉంటే టాకోలతోపాటు కిమ్చి కేసడియా ఒకటి ఇద్దరు పంచుకోండి. కరిగిన చీజ్‌లో పుల్లటి కిమ్చి చాలా బాగా కలుస్తుంది. ఈ కలయిక మొదట వినగానే నేను మొహం చిట్లించాను. ఇప్పుడు ట్రక్కుకి వెళ్లేది ముఖ్యంగా దానికోసమే.

బాగా కారంగా ఉంటుందా? పిల్లలు తినగలరా?

గుంటూరు కారం అలవాటైన నోటికి ఇది కారమే కాదు. కొరియన్ మిరప రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, పైగా సాసులో తీపి ఉంటుంది. "ఎక్స్‌ట్రా స్పైసీ" అని అడిగినా మనవాళ్లు చాలామంది "ఇంతేనా" అంటారు. అమ్మ పంపిన పండుమిరప పచ్చడి గుర్తొస్తుంది, కానీ చింతపండు బదులు తీపి తగిలినట్టు ఉంటుంది.

పిల్లలకు షార్ట్ రిబ్, మామూలు చికెన్ లాంటి తీపి రకాలు సరిపోతాయి. సాస్ పైన పోయకుండా పక్కన ఇమ్మనండి. ఒక్క జాగ్రత్త, పచ్చి హలపెన్యో లేదా సెరానో మిరప ముక్కలు పైన చల్లుతారు, వాటి ఘాటు వేరే.

పేరు అడిగి పిలుస్తామన్నారు. పిలిచినా అది నా పేరని నాకే తెలియలేదు!

పొడుగు పేరు చెప్పకండి. వెంకట సుబ్రహ్మణ్యం గారు "వీ" అని చెబితే చాలు. మా ఆఫీసులో సగం మంది ట్రక్కు దగ్గర రవి అయిపోతారు. ఒకరోజు "రవీ" అని కేకేస్తే ముగ్గురు లేచారు, వాళ్లలో అసలు రవి ఎవరూ లేరు. ఇప్పుడు చాలా ట్రక్కుల్లో ఫోన్ నంబర్ ఇస్తే మెసేజ్ వస్తుంది, ఆ గొడవ తగ్గింది.

టిప్ ఇవ్వాలా? స్క్రీన్ తిప్పి చూపిస్తే టెన్షన్‌గా ఉంటుంది.

తప్పనిసరేమీ కాదు. రెస్టారెంట్‌లో కూర్చోబెట్టి వడ్డించినప్పుడు ఇచ్చేంత ఇక్కడ ఆశించరు. ఒకటి రెండు డాలర్లు, లేదా పది శాతం ఇస్తే మర్యాదగా ఉంటుంది. స్క్రీన్ మీద కనిపించే 18, 20, 25ల కింద "కస్టమ్" అని ఇంకో గడి ఉంటుంది, అది నొక్కండి. ఎండాకాలం ఆ రేకు డబ్బాలో, పెనం పక్కన నిలబడి వాళ్లు వండుతున్నారు. అది చూశాక నా చెయ్యి కాస్త ధారాళమైంది.

## తింటామా, తినమా

నేను బీఫ్ తినను. ఆ ట్రక్కులో చికెన్ తినొచ్చా?

చికెన్, పోర్క్, టోఫు విడిగా దొరుకుతాయి కాబట్టి తినొచ్చు. కానీ ఒక విషయం తెలిసి నిర్ణయించుకోండి. ట్రక్కులో ఉండేది ఒక్కటే పొడవాటి ఇనప పెనం. ఎడమవైపు బీఫ్, కుడివైపు చికెన్, మధ్యలో గీసుకుంటూ తిరిగే అట్లకాడ ఒక్కటే. రద్దీ వేళ ఆ అట్లకాడ కడగరు, గీకి పక్కకు తోస్తారు అంతే. మాంసం కలవదు, కానీ కొవ్వు, రసం తగలొచ్చు.

అది మీకు పట్టింపైతే లైను లేనప్పుడు వెళ్లి "క్లీన్ ప్యాన్, సెపరేట్ స్పాచులా ప్లీజ్" అని అడగండి. కుదిరితే చేస్తారు, కుదరకపోతే కుదరదని చెప్పేస్తారు. ఎవరూ మిమ్మల్ని వింతగా చూడరు. బుల్గోగి అని మాత్రమే రాసి ఉంటే అది బీఫ్ అనే అనుకోండి.

ప్యూర్ వెజ్‌కి ఏమైనా ఉంటుందా?

టోఫు టాకో, టోఫు అన్నం గిన్నె చాలా ట్రక్కుల్లో ఉంటాయి. రుచి కూడా బాగానే ఉంటుంది, టోఫు ఆ తీపి సోయా సాసుని బాగా పీల్చుకుంటుంది. చూసుకోవాల్సినవి మూడు: కిమ్చి, పైన వేసే సాస్, పెనం. కిమ్చిలోనూ కొన్ని సాసుల్లోనూ చేపల రసం ఉండొచ్చు. పెనం మాంసంతో పంచుకునేదే. ఫ్రైస్ వేయించే నూనెలో చికెన్, రొయ్యలు కూడా వేయించి ఉండొచ్చు. సాసుల్లో మయొనైజ్ ఉంటే గుడ్డు కూడా ఉన్నట్టే.

మాంసం తగిలిన పెనం మీద చేసింది అసలు తినలేనివాళ్లకు నా సలహా మొహమాటం లేకుండా చెబుతాను: స్నేహితులతో వెళ్లండి, కబుర్లు చెప్పండి, మీ డబ్బా మీరు తెచ్చుకోండి. పులిహోర డబ్బా తెరిస్తే ట్రక్కు లైన్లోవాళ్లే తిరిగి చూస్తారు.

కిమ్చి అంటే క్యాబేజీ పచ్చడే కదా, వెజ్జే కదా?

కాదు. అందరూ పొరబడేది ఇక్కడే. కిమ్చి అంటే నాపా క్యాబేజీకి ఉప్పు పట్టించి, కడిగి, మిరపపొడి, వెల్లుల్లి, అల్లం ముద్ద ఆకు ఆకుకీ పూసి పులియబెట్టేది. ఆ ముద్దలో సాధారణంగా చేపల రసం, లేదా ఉప్పులో ఊరిన చిట్టి రొయ్యలు, చాలా ఇళ్లలో రెండూ వేస్తారు. గోంగూరలో ఎండురొయ్యలు వేసుకునే మనకు ఆ రుచి కొత్తేం కాదు, కానీ తెలియకుండా తినడం వేరు.

నేనే ఒకసారి తప్పు చేశాను. ఊరి నుంచి కొత్తగా వచ్చిన శాకాహారి స్నేహితుడికి "ఇందులో మాంసం లేదు బాబాయ్, తిను" అని కిమ్చి కేసడియా ఇప్పించాను. సగం తిన్నాక ఒక ముక్కని వేలితో పక్కకు తీసి వెలుగులో పట్టి చూశాడు. గోరంత రొయ్య, నల్లటి చుక్కలా కన్ను కూడా కనిపిస్తోంది. ఒక్క మాట అనలేదు. పేపర్ నాప్కిన్‌లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ట్రక్కువాళ్ల తప్పేం లేదు, నేను అడగలేదు. అప్పట్నుంచి ప్రతిసారీ ఈ వాక్యం అడుగుతాను: "ఈజ్ దేర్ ఫిష్ సాస్ ఆర్ ష్రింప్ ఇన్ ద కిమ్చి?" చేపల రసం లేకుండా చేసే కిమ్చి కూడా ఉంటుంది, దాన్ని "వీగన్ కిమ్చి" అంటారు. "వెజిటేరియన్?" అని మాత్రం అడగొద్దు. కొంతమంది లెక్కలో చేప మాంసం కిందికి రాదు.

మాంసం హలాల్‌దేనా?

బోర్డు మీద హలాల్ అని రాసి లేకపోతే కాదనుకోవడమే మంచిది. పోర్క్ కూడా అదే పెనం మీద వండుతారు. నానబెట్టే సాసులో రైస్ వైన్ లేదా మిరిన్ (వంటలో వాడే తియ్యటి రైస్ వైన్) పోయడం కొరియన్ వంటలో మామూలే, కాబట్టి టోఫు తీసుకున్నా ఆ సంగతి అడగండి.

నాకు ఎలర్జీ ఉంది. దేని గురించి అడగాలి?

నువ్వులు, సోయా, గోధుమ, చేప, రొయ్య. ఈ వంటలో ఈ ఐదూ కనబడకుండా దాక్కుని ఉంటాయి. నువ్వుల నూనె దాదాపు అన్నింటిలో ఉంటుంది. టోర్టిల్లా మొక్కజొన్నదైనా సోయా సాసులో గోధుమ ఉంటుంది, గోచుజాంగ్‌లో కూడా తరచుగా గోధుమో బార్లీయో కలుపుతారు. కాబట్టి గ్లూటెన్ పడనివాళ్లు టోర్టిల్లా ఒక్కటే చూసి నమ్మకూడదు. ఎలర్జీ ప్రాణం మీదికి తెచ్చే రకమైతే ఒకే పెనం, ఒకే గరిటె ఉన్న ట్రక్కు మీకు తగిన చోటు కాదు.

కార్తీక మాసం. ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఏమైనా చేసిస్తారా?

ఉత్త తెల్లన్నం ఇస్తారు.

## చేతికి వచ్చాక

ఒక టాకోకి రెండు టోర్టిల్లాలు ఎందుకు? పొరపాటున ఇచ్చారా?

పొరపాటు కాదు. మొక్కజొన్న టోర్టిల్లా పల్చగా, అరచేయంత ఉంటుంది, జొన్నరొట్టెలాగే సాగదు. మాంసం రసం తగలగానే పైది మెత్తబడి చిరుగుతుంది, కిందిది ఆపుతుంది. రెంటినీ నూనె, మాంసం కొవ్వు అంటిన పెనం మీద అటూ ఇటూ కాల్చి, జంటగా పేర్చి, ఒక గరిటెడు మాంసం గుమ్మరిస్తారు. కిటికీలోంచి చూస్తుంటే పేకముక్కలు పంచుతున్నట్టే ఉంటుంది. కొంతమంది కింది టోర్టిల్లా తీసి, జారిపడిన ముక్కలతో ఇంకో చిన్న టాకో చేసుకుంటారు. అది పిసినారితనం కాదు, తెలివి.

చొక్కా మీద పడకుండా ఎలా తినాలి?

టాకోని నిటారుగా ఉంచి మీ తల పక్కకు వంచండి. టాకోని వంచితే అంతా జారుతుంది. ఒక అడుగు వెనక్కి వేసి, నడుం కాస్త ముందుకు వంచితే పడేది నేల మీద పడుతుంది. ముందే నిమ్మకాయ పిండుకోండి, చేతిలోకి తీసుకున్నాక పిండటం కుదరదు. ఫోర్క్ వెతక్కండి. చేత్తో తినడం మనకెవరూ నేర్పక్కర్లేదు.

ఆఫీసుకి పట్టుకెళ్లి డెస్క్ దగ్గర తినొచ్చా?

తినొచ్చు, కానీ అది వేరే తిండి అయిపోతుంది. మూత పెట్టిన డబ్బాలో ఆవిరికి టోర్టిల్లా ముద్దవుతుంది, ఫ్రైస్ చప్పబడతాయి, చల్లటి తురుము వెచ్చబడుతుంది. వేడి మాంసం, చల్లటి తురుము ఒకే ముద్దలో తగలడమే దీని అసలు రుచి, అది పది నిమిషాల్లో పోతుంది. పెనం మీది దోసెని డబ్బాలో పెట్టి గంట తర్వాత తింటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తప్పదంటే అన్నం గిన్నె తీసుకోండి, అది దారి తట్టుకుంటుంది. సాస్, కిమ్చి విడిగా కట్టివ్వమనండి.

చేతులు ఎక్కడ కడుక్కోవాలి? బాత్రూమ్ ఉంటుందా?

ట్రక్కులోని సింకు పనివాళ్లకే. మీరు నీళ్ల సీసా, రెండు తడి టిష్యూలు దగ్గర పెట్టుకోండి. కాలిఫోర్నియాలో గంటకు మించి ఒకేచోట ఆగే ట్రక్కుకి 200 అడుగుల లోపు బాత్రూమ్ ఏర్పాటు ఉండాలన్న నియమం ఉంది, కానీ అది కూడా పనివాళ్ల కోసమే. వచ్చినవాళ్లకి తెరుస్తారని అనుకోవద్దు.

## తిన్నాక

సగం మిగిలింది. సాయంత్రం తినొచ్చా?

రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే తినొచ్చు. బయట 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఎండగా ఉంటే గంటే గడువు. కారులో వదిలేసింది పారేయండి, డబ్బుల గురించి ఆలోచించొద్దు. వేడి చేసేటప్పుడు పచ్చి తురుము తీసేసి, మాంసాన్ని పెనం మీద పొగలొచ్చేదాకా వేయించండి. మిగిలిన మాంసం, కిమ్చి, రాత్రి మిగిలిన అన్నం కలిపి వేయించి పైన ఒక గుడ్డు కొట్టుకుంటే, నిజం చెప్పాలంటే మధ్యాహ్నం తిన్నదానికంటే బాగుంటుంది.

కారులో కిమ్చి వాసన పోవట్లేదు, ఏం చేయాలి?

డబ్బా ఒలికిన చోట తడిబట్టతో తుడిచి, వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి వాక్యూమ్ చేయండి. రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. ఇంకోసారి మూతపెట్టిన డబ్బాని ప్లాస్టిక్ సంచిలో ముడేసి పెట్టుకోండి. కిమ్చి పులుస్తూనే ఉంటుంది, గ్యాస్ వదులుతుంది, మూత దానంతటదే పైకి లేస్తుంది. వేసవిలో మాగాయ జాడీ పొంగినట్టే.

ఇంట్లో చేసుకోవచ్చా?

చికెన్‌తో తేలిగ్గా అవుతుంది. ఎముకల్లేని తొడ మాంసం అరకిలో పల్చగా కోయండి. సోయా సాస్ 4 టేబుల్ స్పూన్లు, బెల్లం తురుము 2, గోచుజాంగ్ 1, దంచిన వెల్లుల్లి 6 రెబ్బలు, కొంచెం అల్లం, తురిమిన పియర్ పండు సగం, నువ్వుల నూనె 1 టేబుల్ స్పూను కలిపి రెండు గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టండి. పియర్ మాంసాన్ని మెత్తబరుస్తుంది, మటన్‌లో మనం పచ్చి బొప్పాయి ముక్క వేసినట్టు. పియర్ లేకపోతే ఆపిల్, తీపి మాత్రం వస్తుంది. నువ్వుల నూనె విషయంలో జాగ్రత్త, మన పప్పునూనె కాదు. వేయించిన నువ్వుల నుంచి తీసిన ముదురు గోధుమరంగుది కావాలి, కొరియన్ షాపులో దొరుకుతుంది.

ఇనప పెనం బాగా కాలాక కొంచెం కొంచెంగా వేయించండి. ఒకేసారి అంతా గుమ్మరిస్తే నీళ్లు వదిలి ఉడుకుతుంది, అంచులు మాడవు. ఆ మాడిన అంచుల్లోనే రుచంతా ఉంది. టోర్టిల్లా దొరక్కపోతే పుల్కాలో చుట్టుకోండి. మా ఇంట్లో అందరూ ఇప్పుడు పుల్కానే కావాలంటున్నారు.

ఇండియా వెళ్లాక దొరుకుతుందా?

హైదరాబాద్‌లో కొరియన్ సీరియళ్ల పుణ్యమా అని కొరియన్ తిండి బాగానే దొరుకుతోంది, కిమ్చి, గోచుజాంగ్ ఆన్‌లైన్‌లో కూడా వస్తాయి. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక అనంతపురం వైపు కొరియన్ కుటుంబాలు ఉంటున్నాయి, వాళ్ల కోసం కొరియన్ భోజనశాలలూ వచ్చాయి. అక్కడ దొరికేది టాకో కాదు, కొరియావాళ్లు ఇంట్లో తినే అన్నం, పులుసు, పక్కన చిన్న చిన్న గిన్నెల్లో కూరలు. సీమలో రాగి సంగటి పక్కన కిమ్చి పెట్టి ఎవరైనా ఇంకా చూడకపోతే, త్వరలో చూస్తారనే అనుకుంటున్నా.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా? నచ్చుతుందా?

తీసుకెళ్లండి, కానీ పన్నెండున్నరకి వద్దు. ఇరవై నిమిషాలు ఎండలో నిలబెడితే తిండి ఎంత బాగున్నా గుర్తుండేది మోకాళ్ల నొప్పే. మడత కుర్చీ ఒకటి కారులో పడేసుకోండి. ముందు వాళ్లకి ఒక్క టాకో ఇప్పించి చూడండి.

మా నాన్న మొదటిసారి చికెన్ టాకో అంతా తిని, "బానే ఉందిరా, కానీ ఇది పలారం. భోజనం ఎప్పుడు?" అన్నారు. ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకున్నారు. పక్కన నంజుకోవడానికి, ట్రక్కు నుంచి తెచ్చిన చిన్న కప్పులో మిగిలిన కిమ్చి అడిగి మరీ వేయించుకున్నారు.